అడవిలో దుంగల యిల్లు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత నెరుగని ఇల్లాలు తెలుగునాట నుండదు. మేస్త్రీయు వడ్రంగియు పిలిచిన పలుకుచుండగా, ఇటుకయు సున్నమును బండ్లమీద వచ్చి వాకిట దిగుచుండగా, చుట్టుపట్ల బంధువు లుండగా ఇల్లు కట్టుటయే యింత కష్టమని మన పెద్దలు చెప్పిరి. ఊరే లేనిచోట, బాటయే లేనిచోట, భాష తెలియని దేశమున, ముందుగా అడవిని నరికి, నరికిన మ్రాకులతోనే గోడలు పేర్చుకొని, ఆ గోడల నడుమ నెలల తరబడి మంచుకాలము గడిపి, బిడ్డలను దక్కించుకొన్న తల్లుల సంగతి యేమని చెప్పవలెను? 1870వ సంవత్సరమున స్వీడను దేశము విడిచి, అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు టడవులలో కాపురము పెట్టిన కుటుంబముల చరిత్ర యట్టిది. ఆ చరిత్రలో గొడ్డలి పట్టిన పురుషుల పేర్లు అనేకము వినవచ్చును. పొయ్యి రాజేసిన స్త్రీల పేర్లు అరుదు. అయినను, ఆ దుంగల గూడు ఇల్లయినది యెవరి చేతిమీదుగానో తెలిసికొనుట గృహిణుల మైన మనకు ఉచితము గదా.

పుట్టిన గడ్డ నేల విడిచిరి?

స్వీడను ఐరోపాఖండమునకు ఉత్తరపు కొనలో నున్న దేశము. అందు సగమునకు మించి అడవులు; సాగునకు వచ్చు నేల స్వల్పము; చలికాలము దీర్ఘము. 1814 తరువాత ఆ దేశమువారు యుద్ధమునకు పోలేదు. మశూచికమునకు టీకాలు వచ్చినవి. బంగాళాదుంప పంట వచ్చి బీదలకు కడుపునిండ తిండి పెట్టినది. శాంతి, టీకా, బంగాళాదుంప - ఈ మూడును జనమును పెంచినవని టెగ్నేర్ అను ఆ దేశపు కవి, మతాచార్యుడు చెప్పెను. జనము పెరిగెను గాని భూమి పెరుగలేదు. తండ్రి పొలమును కొడుకులు పంచుకొనగా, వారి పొలములను వారి కొడుకులు పంచుకొనగా, తుదకు చారెడు రాతినేల మిగిలెను. భూమి లేనివారు పెద్ద కామందుల యొద్ద సంవత్సరపు పాలేర్లుగా చేరిరి. అట్టివారి భార్యలు కామందు ఆవులను ప్రతిదినము పలుమారులు పితుకవలయునను నిర్బంధ ముండెడిది. పండుగ లేదు, జబ్బు లేదు, చంటిబిడ్డ యున్నదను దయ లేదు. ఆ పాలు పితుకు వెట్టిని ఆ స్త్రీలు "తెల్ల కొరడా" యని పిలిచిరనగా, వారి బాధ మనకు వేరుగా చెప్ప నక్కరలేదు.

ఇట్టి స్థితిలో 1867లో వసంతము రాక, పైరులు చలికి చచ్చినవి. 1868లో వానలు లేక ఎండినవి. పిండి చాలక చెట్టు బెరడును ఎండబెట్టి దంచి పిండిలో కలిపి రొట్టెలు కాల్చుకొనిరి. తన బిడ్డలకు తన చేతితోనే బెరడు రొట్టె పెట్టవలసివచ్చిన తల్లి, ఓడ యెక్కుటకు వెనుదీయునా? 1870 ప్రాంతమున స్వీడను జనసంఖ్య సుమారు 41 లక్షలు. 1930 లోపల ఆ దేశమునుండి అమెరికాకు పోయినవారు 12 లక్షలకు పైబడిరి.

అమెరికా వారిని పిలిచిన పిలుపు భూమి. అధ్యక్షుడైన లింకను 1862 మే 20వ తేదీన హోమ్‌స్టెడ్ చట్టముమీద సంతకము చేసెను. 160 ఎకరముల ప్రభుత్వభూమిని స్వల్పమైన రుసుము చెల్లించి పట్టుకొని, దానిమీద ఇల్లు కట్టుకొని, అయిదేండ్లు కాపురముండి సాగుచేసిన యెడల ఆ భూమి వారిదే యగును. ఆ దేశపు పౌరులము కాగలమని ప్రమాణము చేసిన పరదేశీయులకును ఈ హక్కు కలదు. 21 ఏండ్లు నిండిన అవివాహితకును, కుటుంబ మీదుకొను వితంతువునకును కలదు. భర్తగల స్త్రీకి మాత్రము సాధారణముగా లేదు. ఆమె యెంత దున్నినను పట్టా భర్త పేరనే.

ఇచ్చట ఇంకొక మాట చెప్పక విడుచుట న్యాయము కాదు. ఈ భూములు ఎవరును లేని బీళ్లు కావు. స్వీడులు మెండుగా చేరిన మిన్నెసోటాలో డకోటా జాతివారు 1862 నాటి యుద్ధము తరువాత తమ నేలనుండి వెళ్లగొట్టబడిరి. మనము చెప్పుకొనబోవు మెయిన్ రాష్ట్రపు టడవులును మిక్‌మాక్, మాలిసీట్ జాతులవారు తరతరములుగా వేటాడిన నేలయే. వారి సంతతివారు నేటికిని ఆ జిల్లాలో నివసించుచున్నారు. ఒకరి క్రొత్త యింటి పునాది మరొకరి పాత యింటి నేలమీద పడుట లోకమున పలుమారులు జరిగిన విషాదము.

మెయిన్ రాష్ట్రపు పిలుపు

స్వీడులలో పెక్కండ్రు పడమటి మైదానములకు పోయిరి. మెయిన్ రాష్ట్రము అమెరికాకు ఈశాన్యపు మూల నున్నది. అచ్చటి యువకులే పడమటి భూములకు ఆశపడి తరలిపోవుచుండగా, 1860 కంటె 1870లో ఆ రాష్ట్రపు జనసంఖ్య తగ్గినది. ఉత్తరమున అరూస్టుక్ జిల్లాలో మంచి నేల అడవి క్రింద నిరుపయోగముగా నున్నదని ప్రభుత్వమువారు చింతించుచుండిరి. అప్పుడు విలియం విడ్జరీ థామస్ అను న్యాయవాది యొక యుపాయము చెప్పెను. అతడు లింకను కాలమున స్వీడనులోని గోటెన్‌బర్గు రేవున అమెరికా రాయబార ఉద్యోగిగా నుండి, ఆ భాష నేర్చి, ఆ జనుల పొదుపును, పట్టుదలను కన్నులార చూచినవాడు. "మంచుకు, అడవికి, రాతినేలకు అలవాటుపడినవారు వారే. వారిని పిలువుడు" అని అతని సలహా. 1870 మార్చిలో శాసనసభ ఒప్పుకొనెను. వచ్చిన ప్రతి కాపునకు 100 ఎకరముల అడవి. అందు అయిదెకరములలో చెట్లు నరికించి యిచ్చుట. ఒక దుంగల యిల్లు కట్టించి యిచ్చుట - ఇవి రాష్ట్రము పెట్టు ఖర్చులు. ఓడ ఖర్చు వచ్చువారిదే.

థామస్ స్వయముగా స్వీడనునకు పోయి జనమును ఎంచెను. సత్ప్రవర్తనను గూర్చి వారి గురువుల యోగ్యతాపత్రములు చూచి గాని యెవరిని చేర్చుకొనలేదు. తుదకు 51 మంది కుదిరిరి: పురుషులు 22, స్త్రీలు 11, పిల్లలు 18. వారిలో వ్యవసాయముతోపాటు కమ్మరము, వడ్రంగము, కుట్టుపని తెలిసినవారు ఉండిరి. ఊరు లేని చోటికి పోవువారు ఊరిని వెంటబెట్టుకొనియే పోవలెను గదా.

1870 జూన్ 25వ తేదీన వారు గోటెన్‌బర్గు రేవు విడిచిరి. ఇంగ్లండులో దిగి, రైలుమీద లివర్‌పూలునకు పోయి, మరల ఓడ యెక్కి అట్లాంటికు సముద్రము దాటి కెనడాలోని హాలిఫాక్సులో దిగిరి. అటుపిమ్మట రైలు, ఆ పిమ్మట సెయింట్ జాన్ నదిమీద పొగపడవ, నీరు తగ్గినచోట ఒడ్డున గుర్రములు త్రాళ్లతో లాగగా సాగిన బల్లపరుపు పడవలు, తుదకు బండ్లు. దారిలో 9 నెలల ఆడుబిడ్డ యొకతె మరణించెను. పుట్టిన గడ్డ వెనుక నుండగా, చేరవలసిన గడ్డ యింకను కనబడకుండగా, బిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లి మిగిలిన దారి యెట్లు నడచెనో మనము ఊహింపవచ్చును. జూలై 23వ తేదీన వారు అడవిని చేరిరి. థామస్ ఆ చోటికి "న్యూ స్వీడన్", అనగా నూతన స్వీడను, అని పేరు పెట్టెను. వారిని అతడు అడవి బిడ్డలని పిలిచెడివాడు; వారతనిని ఫాదర్ థామస్ అనుచుండిరి.

ఆ యింటి కొలతలు

వారు వచ్చునప్పటికి రాష్ట్రమువారి యిండ్లు అన్నియు సిద్ధము కాలేదు, కొన్నియే లేచినవి. తక్కినవి ఆ వేసవిలోనే పూర్తియయ్యెను. ఏ కుటుంబమున కేది యనునది చీట్లు వేసి నిర్ణయించిరి. కనుక మంచి నేల కొందరికి కట్టబెట్టిరను అసూయకు తావు లేకపోయెను.

ఆ యింటి కొలతలను థామస్ వ్రాసియుంచెను. ఇల్లు 26 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు. లోపల రంద పట్టని పలకలతో అడ్డుగోడలు వేసి మూడు భాగములు చేసిరి. ముందుది 16 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు గల పెద్ద గది. వంట, భోజనము, నూలు వడకుట, పిల్లల చదువు, అతిథుల మర్యాద - అన్నియు అందే. వెనుక 10 అడుగుల చదరపు పడకగది. దాని ప్రక్కన 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల సామానుగది. నేలకును పైకప్పు దూలములకును నడుమ ఎత్తు 7 అడుగులు. దానిపైన వాలుకప్పు క్రింద పండుకొనుటకు వీలైన అటక. క్రింద నాలుగు కిటికీలు, అటకకు ఒకటి. పెద్దగదిలో వంటకును వెచ్చదనమునకును ఒక్కటే ఇనుప పొయ్యి. దాని పొగగొట్టము కప్పులో నమర్చిన ఇనుపరేకు గుండ వెలుపలికి పోవును.

ఈ లెక్కను మన యింటితో సరిచూచుకొందము. మొత్తము 468 చదరపు టడుగులు. అందులో తల్లి, తండ్రి, నలుగురైదుగురు బిడ్డలు, ఒక్కొక్కప్పుడు ఇల్లింకను లేని మరియొక కుటుంబము. తడిసిన కంబళ్లును, మేజోళ్లును ఆరవేయునది ఆ పొయ్యి దగ్గరనే. జబ్బుపడిన బిడ్డను పరుండబెట్టునది ఆ పొయ్యి దగ్గరనే. అది ఆరిన ఇల్లంతయు ఆరినట్లే. ఆ పొయ్యిని రేయింబవళ్లు కాపాడుట ఎవరి పనియో వేరుగా చెప్పవలెనా?

దుంగ పేర్చుటలోని నేర్పు

దుంగల యిల్లు కట్టుట స్వీడులకు క్రొత్త విద్య కాదు, తాతముత్తాతలనాటిది. అమెరికాలోనే ఆ విద్యకు మొదటి దారి చూపినవారిలో వారొకరు. 1638లో డెలావేరు నదీతీరమున స్వీడను రాజ్యమువారొక వలస స్థాపించి, దానికిని నూతన స్వీడనను పేరే పెట్టియుండిరి. ఆ వలసలో స్వీడులతోపాటు ఫిన్‌లాండు జాతివారును ఉండిరి. ఆంగ్లేయ వలసవారు పలకల యిండ్లు కట్టుకొనుచున్న ఆ దినములలో, నిలువు స్తంభములు లేకుండ అడ్డదుంగలనే ఒకదానిమీద నొకటి పేర్చి గోడ లేపు పద్ధతిని వారు తెచ్చిరి. అమెరికావారు నేడు తమ పూర్వుల గురుతుగా చెప్పుకొను అడవి గుడిసె యొక్క మూలము అందున్నది.

ఆ పద్ధతిలోని మెలకువ వినదగినది. ముందుగా నేలమీద రాళ్లు పరచి వానిపై బలమైన మొదటి దుంగలు ఉంచుదురు. దుంగ నేలను తాకిన కుళ్లును గావున ఈ జాగ్రత్త. బెరడు తీసి, వెడల్పు గొడ్డలితో రెండు ప్రక్కలను చదునుగా చెక్కుదురు. ప్రతి దుంగ అడుగుభాగమున పొడవునను గాడి తొలిచి, క్రింది దుంగ వీపుమీద అది అతుక్కొని కూర్చుండునట్లు చేయుదురు. నడుమ అడవినాచు కూరుదురు, గాలి దూరదు. మూలలయందు దుంగల కొనలను ఏటవాలుగా గాట్లు కోసి, ఒకదానిలో నొకటి ఇమిడింతురు. మేకు అక్కరలేదు, ఇంటి బరువే ఆ ముడిని నానాటికి బిగించును. పచ్చి దుంగలు ఎండిన కొలది గోడ క్రుంగును గావున ద్వారముపైన, కిటికీపైన కొంచెము ఎడము విడిచి నాచుతో నింపుదురు. ఈ సంగతి తెలియనివాడు కట్టిన యింట తలుపు తెరువరాకుండ బిగిసికొనును.

కప్పునకు స్వీడనులో భూర్జవృక్షపు బెరడు పరచి దానిపై మట్టిగడ్డ కప్పుదురు. మెయిన్ అడవిలో సీడారు చెట్లు సమృద్ధిగా నున్నందున వాని చెక్క పెంకులు వేసిరి. సీడారు మ్రానును పొట్టి ముక్కలుగా రంపముతో కోసి, ఆ ముక్కలను పలుచగా చీల్చి, రెండు పిడుల కత్తితో చివ్వి నునుపు చేసినవే చెక్క పెంకులు. ఈ పెంకుల సంగతి జ్ఞాపకముంచుకొనుడు. మన కథకు కీలకము అందే యున్నది.

మొదటి చలికాలము

వచ్చిన యేడే విత్తుటకు వారికి ఎక్కువ సమయము మిగులలేదు. నరికిన చెట్లను కాల్చి, మొద్దుల నడుమ మిగిలిన నేలలో టర్నిప్ దుంపలు, రై ధాన్యము చల్లిరి. నాగలి సాగదు, ఎద్దులు లేవు, చేతిపారయే సాధనము. బాటలు వేయుటకును, చెట్లు నరుకుటకును రాష్ట్రమువారు దినమునకొక డాలరు చొప్పున కూలి కట్టి, ఆ సొమ్మునకు బదులు ఉమ్మడి కొట్టునుండి పిండి, మాంసము, పనిముట్లు ఇచ్చిరి. ఆ ఆగస్టు మాసముననే అడవిలో ఒక పెండ్లి జరిగెను. ఒక మగబిడ్డ పుట్టగా, ఆ బిడ్డకు థామస్ పూర్తి పేరే పెట్టుకొనిరి. శుభకార్యము లేని ఊరు ఊరు కాదని వారికిని తెలియును గాబోలు.

నవంబరునాటికి మంచు పడజొచ్చెను. అరూస్టుక్ జిల్లాలో ఒక్క చలికాలమున పడు మంచు కొలిచిన సుమారు 9 అడుగు లుండును. ఏప్రిలువరకు నేల కంటబడదు. అప్పటికి మరికొందరు స్వదేశమునుండి వచ్చి చేరగా నూరుమందికి పైగా ఆ అడవిలో చలికాలము గడిపిరి. నడచిన మోకాలు లోతు దిగబడు మంచుమీద, స్వీడనులో చేసినట్లే, పొడవైన చెక్కలను పాదములకు కట్టుకొని జారుచు పోయెడివారు. ఆ చెక్కనడకను చూచి చుట్టుపట్లవారు అచ్చెరువందిరి.

వెలుపల మగవారు చెట్లు నరుకుచుండగా, లోపలి లోకమును స్త్రీలు నిలిపిరి. స్వీడను గృహిణులు వలసపోవునపుడు వెంట తెచ్చుకొను పెద్ద కొయ్య పెట్టెలో ఉన్ని దువ్వెనలు, అవిసె నార వస్త్రములు, ప్రార్థన పుస్తకము, విత్తనములు ఉండెడివి. ఉన్ని దువ్వి, రాట్నముమీద వడకి, మేజోళ్లును చేతితొడుగులును అల్లిరి. చినిగిన బట్టను పారవేయుట వారి ఎరుకలో లేదు. పీలికలు చేసి మగ్గముమీద నేసి నేలకు పట్టాలు పరచిరి. పాదముల క్రింద చలి తగ్గుటయే గాక, మొరటు పలకల గదికి రంగు వచ్చును. రై పిండితో నడుమ రంధ్రము గల గుండ్రని గట్టి రొట్టెలు ఒక్కమారే అనేకము కాల్చి, పొడవాటి కర్రకు గ్రుచ్చి పైకప్పు క్రింద వ్రేలాడదీయుట వారి దేశాచారము. అవి నెలల తరబడి చెడవు. మనము వడియములును అప్పడములును ఎండకాలమున పెట్టి ఏడాదికి దాచుకొనునట్లే, వారును చలికాలమునకు ముందే ఇల్లు నింపుకొనిరి.

బాటపనికి దినమునకొక డాలరని చెప్పితిని గదా. రొట్టె కాల్చుటకు ఎంత? నూలు వడకుటకు ఎంత? నిద్ర కాచి పొయ్యిలో కట్టె వేయుటకు ఎంత? ఆ పనులకు కూలి లేదు. దుంగల సంఖ్య, కిటికీల సంఖ్య, గదుల కొలత - అన్నియు లెక్క పుస్తకములకు ఎక్కినవి. ఆ కొలతల నడుమ మనుష్యులు బ్రతుకునట్లు చేసిన శ్రమ మాత్రము ఎక్కలేదు.

పెంకుల కట్ట మోసిన యిల్లాలు

అయినను ఒక్క స్త్రీ చేసిన పనిని థామస్ మరువలేక వ్రాసియుంచెను. ఆమె పేరు షెర్స్టి కార్ల్‌సన్. భర్త జబ్బుతో మంచమెక్కెను. ఇంటిలో మందు లేదు, తిండి నిండుకొనెను, బిడ్డలు ఆకలికి ఏడ్చుచుండిరి. ఊరిలో అందరును అంతంతమాత్రపు వారే. ఎవరిని అడుగవలెను?

ఆ యూరివారికి రొక్కము కనబడు మార్గము చెక్క పెంకు లొక్కటియే యని చెప్పవచ్చును. చలికాలమున వాటిని చెక్కి, సమీపమున నున్న కారిబూ అను ఊరి అంగడిలో ఇచ్చి, కావలసిన సరకులు తెచ్చుకొనుచుండిరి. ఆ పని మగవారిది. షెర్స్టి భర్త గొడ్డలి తీసికొనెను. తానే సీడారు చెట్లను పడగొట్టెను. తానే ముక్కలుగా కోసెను. తానే చీల్చి, చివ్వి పెంకులు చేసెను. ఒక కట్ట కట్టి, వీపుమీద నెత్తుకొని, అడవిగుండ 5 మైళ్లు నడచి కారిబూ చేరెను. పెంకులిచ్చి భర్తకు మందును, బిడ్డలకు తిండియు తీసికొని మరల 5 మైళ్లు నడచి యిల్లు చేరెను.

ఇంతే కథ. ఆమె ఏమనెనో, ఏమనుకొనెనో మనకు చెప్పిన పుస్తకము లేదు. ఆమె వీరకృత్యము చేయవలెనని చేయలేదు. సాయంత్రమునకు పొయ్యిమీద ఏదియో ఒకటి ఉడుకవలెనని చేసెను. ఒక్కటి మాత్రము గమనింపుడు. ఆ యూరి యిండ్ల తలలమీద నున్నవియు చెక్క పెంకులే. ఆమె వీపుమీద మోసినవియు చెక్క పెంకులే. ఇంటి కప్పు నిలుచుట కెవరి వీపు ఆధారమో యింతకంటె స్పష్టముగా చెప్పు దృష్టాంతము దొరకదు. ఇట్టి షెర్స్టిలు ఆ అడవిలో నింకను ఎందరుండిరో! ఒకరి మాట వ్రాతకెక్కినది, తక్కినవారివి ఎక్కలేదు.

తరువాతి సంగతులు

మూడేండ్లు గడచునప్పటికి, 1873లో, ఆ అడవిలో సుమారు 600 మంది స్వీడు లుండిరి. పరిసరములలో స్టాక్‌హోమ్, జెమ్ట్‌లాండ్, వెస్ట్‌మన్‌లాండ్ అను గ్రామములు లేచినవి. అవియన్నియు పుట్టిన దేశపు నగరము, సీమల పేర్లే. ఉమ్మడి అవసరములకై కట్టిన రెండంతస్తుల కొయ్య భవనమును వారు "కాపిటల్" అనిరి. సరకుల కొట్టు, దేవాలయము, పాఠశాల, సభామందిరము అన్నియు తొలుత అదియే. పిల్లలు అందు ఇంగ్లీషు చదివి, ఇంటికి వచ్చి తల్లితో స్వీడిషు మాటలాడిరి. రెండు మూడు తరములలో ఇంటి భాష క్రమముగా సన్నగిల్లెను. నేలలో బంగాళాదుంప బాగుగ పండుటచే అరూస్టుక్ జిల్లా ఆ పంటకు ప్రసిద్ధి కెక్కెను. స్వీడనులో జనమును పెంచి భూమిని చాలకుండ చేసిన దుంపయే ఇచ్చట వారి సంతతిని నిలిపెను.

కోతమిల్లులు వచ్చిన పిమ్మట పలకల యిండ్లు లేచినవి. దుంగల యిండ్లలో పెక్కు పశువుల కొట్టములయ్యెను, కొన్ని శిథిలమయ్యెను. నిలిచినవానిలో లార్సన్-ఆస్ట్‌లండ్ యిల్లని పిలువబడు దుంగల యిల్లొకటి ఆ యూర నేటికిని కలదు. చదునుగా చెక్కిన దుంగలతో రెండంతస్తులుగా కట్టిన ఆ యింటిని స్థానికులు బాగుచేయించి కాపాడుకొనుచున్నారు. కాపిటల్ భవనము 1971లో అగ్నికి ఆహుతి కాగా, దాని పోలికతోనే మరల కట్టి అందు తమ పూర్వుల వస్తువులను భద్రపరచిరి. ప్రతి సంవత్సరము జూన్ మాసమున, స్వీడనులోవలెనే, పూలు చుట్టిన ఎత్తయిన స్తంభము నెత్తి దానిచుట్టు ఆడిపాడుదురు. 

సోదరీమణులారా! "ఇల్లు చూచి ఇల్లాలిని చూడు" మని మరియొక సామెత కలదు. సామాన్యముగా దీనిని ఇల్లు శుభ్రముగా నుంచుకొనుటకు బుద్ధి చెప్పు మాటగా వాడుదుము. ఈ కథ విన్న పిమ్మట దానికి ఇంకొక అర్థము తోచుచున్నది. ఇల్లు చూచి అక్కడనే ఆగిపోవలదు. దాని వెనుక నున్న ఇల్లాలిని కూడ చూడుమని యా మాట భావము. రాష్ట్రము దుంగలిచ్చెను, పొయ్యి యిచ్చెను, నాలుగు కిటికీలిచ్చెను. పట్టా భర్తకు వచ్చెను. ఆ నాలుగు గోడల నడుమ ఆకలిని, చలిని, పరదేశపు ఒంటరితనమును ఎదిరించి, ఆరుమాసముల మంచు కరిగి పచ్చిక మొలచునంతవరకు అందరిని బ్రతికించినది మాత్రము ఏ చట్టమునను పేరు లేని చేయి.

మన యిండ్లలోను అట్టి చేతులు కలవు. అమ్మమ్మలు, నాయనమ్మలు పేడ అలికిన గోడలు, మోసిన నీళ్లు, విసరిన తిరుగళ్లు, ఎద్దులు చచ్చిన యేట పొలమున వారు పడిన పాట్లు - ఇవి ఏ దస్తావేజులోను లేవు. థామస్ ఒక్క పేరు వ్రాసినందున నూటయేబది యేండ్లకు పైగా గడచిన తరువాత, సముద్రముల కీవల, మనము షెర్స్టి పేరు చెప్పుకొనగలుగుచున్నాము. మన యింటిలో వృద్ధురాలు జీవించియుండగనే ఆమెను అడిగి, ఆమె మోసిన కట్ట యేదో తెలిసికొని, పిల్లల నోటు పుస్తకములోనైనను రెండు పంక్తులు వ్రాసియుంచుట మన చేతిలోని పనియే.